అవతలి నీళ్ళ కౌలు

పెళ్ళై ఆ ఊరొచ్చేనాటికి దేషాకు ఈత రాదు. ఇప్పటికీ రాదు. కొండల్లో మేకలు కాసుకునే ఇంట్లో పుట్టిన మనిషి ముప్పై ఎనిమిదేళ్ళుగా స్తోన్ అనే సముద్రపు పాయలో పడవ మీదే బతుకుతోంది. ఈత నేర్చుకోకూడదా అని ఎవరైనా అంటే, "పడితే పడతాను, ఆ కాసేపైనా పని తప్పుతుంది" అంటుంది. నవ్వుతూ మాత్రం అనదు.

వయసు అరవై ఒకటి. చేసేది తినే ఆల్చిప్పల సాగు. చిన్న చిప్పల్ని రెండేసి చొప్పున తాడుకి సిమెంటుతో అంటించి, ఆరాక సముద్రంలోకి వేలాడదీయాలి. బుట్టల్లో పెంచితే సగం చాకిరీ తగ్గుతుందని చదువుకున్నవాళ్ళు చెప్పి చెప్పి అలిసిపోయారు. ఆ పాయలో మాత్రం సిమెంటు అంటని చేత్తో పెంచింది ఆల్చిప్పే కాదన్నట్టు మాట్లాడతారు. రోజుకి మూడు వందల జతలు. దేషా వేళ్ళు ఆదివారం ప్రార్థనకి వెళ్ళినప్పుడు కూడా బూడిద రంగులోనే ఉంటాయి. భర్త నిక్షా ఉన్న రోజుల్లో ఆయన తాడు బిగించి పట్టుకుంటే ఆవిడ అంటించేది. ఆయన పోయి ఐదేళ్ళయింది. ఇప్పుడు తాడు ఒక కొస గోడ మేకుకి కట్టి, రెండోది మోకాళ్ళ మధ్య ఇరికించుకుంటుంది.

అక్కడ సముద్రం సర్కారుది. సాగు చేసుకునేవాళ్ళు ముక్కలుగా కౌలుకి తీసుకుంటారు, పాతికేళ్ళకోసారి. నిక్షాకి వచ్చింది ఒడ్డు దగ్గరి ముక్క, ఇవతలి నీళ్ళు. ఆయన పెదనాన్న కొడుకు ఓర్సత్‌కి వచ్చింది కొండమలుపు దాటాక ఉండే అవతలి నీళ్ళు. అక్కడ సముద్రం అడుగున మంచినీటి ఊటలున్నాయి, ఆల్చిప్పలకి అంతకంటే మంచి చోటు లేదు. కానీ ఓర్సత్ పెంచేది నల్లగుల్లలు. అవి ఎక్కడ వేసినా పెరుగుతాయి. పైగా ఉత్తరపు గాలిలో మలుపు దాటి వెళ్ళడమంటే ఆయనకి మహా బద్ధకం. అందుకని మూడో ఏడే అన్నదమ్ములిద్దరూ నీళ్ళు మార్చుకున్నారు. చెరో గ్లాసు సారా తాగి, చెయ్యీ చెయ్యీ కలిపారు, అంతే. ఆ ఊళ్ళో అలా మార్చుకోని ఇల్లు లేదు. కౌలు కార్యాలయానికి చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. పక్కింటివాళ్ళతో గిన్నె మార్చుకున్నందుకు పట్నానికి అర్జీ పెట్టుకుంటారా ఎవరైనా?

ఈ ఏడు కౌలు గడువు ముగిసింది, కొత్త నిబంధన వచ్చిపడింది. అధికారులు వచ్చి పరికరంతో కొలుస్తారు. కాగితంలో పేరున్నవాళ్ళవే ఆ తాళ్ళయితే ఇంకో పాతికేళ్ళు పొడిగిస్తారు. కాకపోతే కౌలు రద్దు, ఆ నీళ్ళు బహిరంగ పోటీకి. పోటీ అంటే పట్నం కంపెనీలు వస్తాయి. నిక్షా పోయాక ఇవతలి నీళ్ళ కాగితం దేషా పేరుకి మారింది, కానీ ఆవిడకి ఉన్నదల్లా ఆ అవతలి నీళ్ళే.

ఒక మధ్యాహ్నం ఓర్సత్ గిన్నెడు అంజూరపు పళ్ళతో వచ్చాడు. ఆయనకి డెబ్బై నాలుగు. కుర్చీలో కూర్చోడానికి రెండు విడతలు పడుతుంది.

"చూడు దేషా, అవతలి తాళ్ళు నావని నేను చెబుతాను. ఇవతలివి నీవని నువ్వు చెప్పు. కాగితం ఎలా ఉంటే మన నోరూ అలాగే ఉండాలి. వాళ్ళు వెళ్ళాక ఎవరివి వాళ్ళవే."

"అంటే నా చిప్పలన్నీ మీవైపోతాయి కదా బావగారూ."

"కాగితం మీద ఇరవై రెండేళ్ళ నుంచీ నావే. ఏనాడన్నా ఒక్కటి తిన్నానా?"

"తిన్నారు. మీ అమ్మాయి పెళ్ళికి ఆరు వందలు."

"అది పెళ్ళమ్మా, దాన్ని లెక్కలోకి తీసుకోకు."

దేషా సిమెంటు కలుపుతూనే ఉంది. ఓర్సత్ మాట తప్పే మనిషి కాదు, అది ఆవిడకి తెలుసు. కానీ ఓర్సత్ పోయాక? ఆయన అల్లుడు పట్నంలో హోటలు నడుపుతాడు. కాగితాన్ని కాగితంలాగే చదివే రకం. అయినా ఆలోచించే ఓపిక ఆవిడకి లేదు. ఐదేళ్ళుగా ఒంట్లో ఓపికంతా తాళ్ళకే పోయింది. నిజం చెప్పాలంటే, ఎవరో ఒకరు వచ్చి ఇదంతా పట్టుకుపోతే బాగుండునని కూడా అప్పుడప్పుడూ అనుకునేది. అనుకున్నందుకు తర్వాత తనమీద తనకే కోపం వచ్చేది.

"సరే, అలాగే కానివ్వండి" అంది.

అక్టోబరులో కార్యాలయం నుంచి తిహానా అనే అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. వేసుకున్న కొత్త లైఫ్ జాకెట్‌కి ఇంకా ధర చీటీ వేలాడుతోంది. ముగ్గురూ దేషా పడవలోనే బయల్దేరారు, ఓర్సత్ పడవకి ఇంజను సరిగా లేక. ఇవతలి నీళ్ళలో పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆ నల్లగుల్లలన్నీ తనవేనని దేషా తల ఊపింది. తిహానా రాసుకుంది. అబద్ధం చెప్పడం ఇంత తేలికా అని దేషాకి ఆశ్చర్యం వేసింది.

మలుపు దాటారు. తిహానా పరికరం చూసి, "ఇది ఓర్సత్ గారి ముక్క కదండీ. ఒక తాడు పైకి తీసి చూపిస్తారా?" అంది.

ఓర్సత్ వంగాడు. ఆయన తాడు లాగే తీరు చూస్తుంటే దేషాకి చేతులు ఊరుకోనన్నాయి. నల్లగుల్లల తాడునైతే అలా ఈడ్చినా పరవాలేదు. ఆల్చిప్పల తాడుని పడవ అంచుకి రాసుకోనివ్వకూడదు, కొత్త పెంకు అంచు అద్దంలా విరిగిపోతుంది. ఒకటి విరిగింది కూడా. దేషా పంటి బిగువున ఓర్చుకుని కూర్చుంది.

"బాగున్నాయండీ. ఎంత వయసు వీటికి?" అంది తిహానా, రాసుకోడానికి కలం పట్టుకుని.

"రెండేళ్ళు" అన్నాడు ఓర్సత్.

"మూడు."

ఆ మాట ఎవరన్నారో దేషాకి వెంటనే తెలియలేదు. ఇద్దరూ తన వైపు తిరిగాక తెలిసింది.

"మూడేళ్ళు" అంది మళ్ళీ, ఇక ఆపుకోలేక. "మొన్న మేలో మూడు నిండాయి. రెండేళ్ళవి ఆ చివరి వరసలో ఉన్నాయి. ఈ వరస అంటించిన వారం నాకు జ్వరం, అందుకే జతల మధ్య ఎడం ఎక్కువ వచ్చింది. రెండేళ్ళంటారేమిటి, చూస్తే తెలియడం లేదా?"

ఓర్సత్ తాడు వదిలేశాడు. అది నీళ్ళలోకి జారిపోయింది. తిహానా కాగితం వైపు చూసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"ఇవి ఎవరివండీ?"

ఇంకా తప్పించుకోవచ్చు. కూలికి అంటించిపెట్టానంటే సరిపోయేది. ఆ పిల్ల అలాంటి మాట కోసమే ఎదురుచూస్తోందని దేషాకి అర్థమైంది.

"నావి" అంది.

ముగ్గురూ రేవుకి తిరిగొచ్చారు. తిహానా కారెక్కి వెళ్ళాక ఓర్సత్ రేవు గట్టు మీద కూలబడ్డాడు.

"ఒక్క గంట నోరు మూసుకోలేకపోయావా?"

"మూసుకునే ఉన్నాను బావగారూ. మీరే వాటి వయసు తప్పు చెప్పారు."

"రెండైతే ఏం, మూడైతే ఏం. వాటికేమన్నా కొత్త చొక్కా కుట్టిస్తావా?"

"ఇవాళ ఒక్కరోజైతే ఊరుకునేదాన్నేమో. పాతికేళ్ళు మిమ్మల్ని అడిగి నా చిప్పలు నేను తీసుకోవాలి. మీ తర్వాత మీ అల్లుణ్ణి అడగాలి. నా వల్ల కాదు."

"నిన్ను అడగనిచ్చేవాణ్ణా నేను" అన్నాడు ఓర్సత్. ఆ మాటలో కోపం లేదు, అదే దేషాని ఎక్కువ బాధ పెట్టింది. తనతో పాటు ఆ ముసలాయన కౌలు కూడా పోగొట్టింది. క్షమించమని అడిగింది. ఆయన చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

నవంబరులో రెండు ముక్కలూ పోటీకి పెట్టారు. ఈ వయసులో తనకి దరఖాస్తులెందుకన్నాడు ఓర్సత్. మార్చిలో వచ్చే యోసిప్ పునీతుడి పండగలోపు తన గుల్లలన్నీ తీసి అమ్మేస్తానన్నాడు. దేషా మాత్రం దరఖాస్తు తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకుందో ఆవిడకే సరిగ్గా తెలియదు. పట్టుకుపోతే బాగుండునని తానే అనుకున్న నీళ్ళు తీరా పోతుంటే వదలబుద్ధి కాలేదు, అంతవరకు తెలుసు.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని పేరు, ఊరు, పుట్టిన తేదీ నింపింది. ఆరో గడి దగ్గర ఆగిపోయింది. ఎక్కువ మార్కులు దానికే. ‘ఈ నీటిలో చట్టబద్ధంగా సాగు చేసిన సంవత్సరాలు.’ ఏం చెయ్యాలో తోచక తిహానాకే ఫోన్ చేసింది.

"అమ్మా, ఆరో గడిలో ఇరవై రెండు అని రాయనా?"

"మీరు ఇరవై రెండేళ్ళు చేశారని నాకు తెలుసండీ. కానీ అక్కడ ‘చట్టబద్ధంగా’ అని ఉంది."

"అయితే ఎంత రాయమంటావు?"

"సున్నా అండీ" అంది తిహానా. ఏదో తప్పు చేసినదానిలా వినిపించింది గొంతు.

దేషా థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆరో గడిలో సున్నా చుట్టింది. పైన రాసినదంతా అక్షరాలా నిజమని ప్రమాణం చేస్తున్నాను అన్న వాక్యం కింద సంతకం పెట్టింది.