వంద దగ్గర ఆగిన ముల్లు

తమ్ముడు పోయాక అతని బండిని పోలీసు స్టేషన్ నుంచి విడిపించుకుని తెచ్చినప్పుడు, మీటరులో ముల్లు వంద మీద నిలబడి ఉంది. ముందు చక్రం వంకర తిరిగింది, హెడ్‌లైటు పగిలింది, ఇంజను ఎప్పుడో చల్లారిపోయింది. ముల్లు ఒక్కటే ఇంకా పరుగెడుతున్నట్టు ఆ అంకెను వదలలేదు. ఆ కబురు బండి కంటే ముందే మా ఊరు నందిగామ చేరింది. వందలో వచ్చాడట.

జరిగింది పట్టపగలు. ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఇంటికి వస్తున్నాడు. చిల్లకల్లు దాటాక హైవే తిన్నగా ఉంటుంది. అక్కడ గుంట లేదు, గేదె అడ్డం రాలేదు, మరో బండి తగిలిన గుర్తూ లేదు. చూసినవాళ్ళు లేరు. సాక్ష్యం చెప్పడానికి మిగిలింది ఆ ముల్లే. సమాధి దగ్గర మా చర్చి సంఘ పెద్ద యవ్వనస్థుల వైపు తిరిగి వేగం గురించి హెచ్చరించాడు. అందరూ తలలూపారు. కారణం దొరికినందుకు వాళ్ళ ముఖాల్లో ఒక నిమ్మళం కనిపించింది.

వాళ్ళ పాపను సంఘంలో దేవునికి ప్రతిష్ఠించిన రోజున, బండి మీద అరవై దాటనని తమ్ముడు అందరి ముందూ తన భార్యకు మాట ఇచ్చాడు. తమ్ముడి కోసం ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ముగిసి జనం వెళ్ళిపోయాక, మరదలు వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను అడిగింది.

"దేవుడి ముందు అన్న మాట తప్పి పోయాడా, బావగారూ?"

చిన్నప్పటినుంచి వాక్యం చదువుకున్నవాణ్ని, ఆదివారం బడిలో పిల్లలకు చెప్పేవాణ్ని. అయినా ఆమెకు వచనం చెప్పకుండా, బండి తాళం అడిగి తీసుకున్నాను.

బండిని జగ్గయ్యపేటలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాను. భాయ్ మీటరు చూసి నవ్వాడు.

"వందా? ఇదా? కొండ మీంచి తోసినా పోదన్నా."

"మరి ముల్లు?"

"దెబ్బకి ఎగిరి ఇరుక్కునుంటది. ఎక్కడ ఇరుక్కోవాలో దానికేం తెలుసు?"

"నువ్వన్నావని చెప్తే మా వాళ్ళు ఒప్పుకుంటారా భాయ్? కొలవాలి."

"మీ వాళ్ళు ముల్లు మాట వింటారు గానీ మనిషి మాట వినరా?" అన్నాడు గానీ, పని ఒప్పుకున్నాడు. ఇంజను జోలికి వెళ్ళవద్దన్నాను. అది తమ్ముడు నడిపినప్పటిలాగే ఉండాలి. ఫోర్కు, చక్రం మార్చి, మీటరు విప్పి ముల్లును వదులు చేశాడు.

ఎండాకాలం మధ్యాహ్నం చిల్లకల్లు అవతల బండి దింపాం. ఆ వేళప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటుంది. అప్పుడప్పుడు సిమెంటు లారీ ఒకటి వెళ్ళేది, తర్వాత ఏ చప్పుడూ ఉండేది కాదు. డివైడరు మీద గన్నేరు చెట్లు సిమెంటు దుమ్ముతో బూడిద పూసుకున్నట్టున్నాయి. మా సంఘంలో ఇద్దరు సాక్షులు లేకుండా ఏ మాటా నిలవదు. అందుకని వేగం చూపే యాప్ రెండు ఫోన్లలోనూ పెట్టాం. భాయ్ ఫోను హ్యాండిలుకు కట్టాం, నాది చొక్కా జేబులో వేసుకున్నాను. భాయ్ గుప్పెడు దుమ్ము తీసి గాల్లోకి వదిలాడు. అది నందిగామ వైపు ఎగిరిపోయింది.

"పడమటి గాలన్నా. జగ్గయ్యపేట వైపు పోతే ఎదురు కొడతది, నందిగామ వైపైతే నెడతది. రెండు పక్కలా తోలి, రెండూ కూడి సగం చెయ్యాల. పొట్ట లోపలికి పీల్చుకో, బండికి అన్యాయం చెయ్యమాక!"

ముందు జగ్గయ్యపేట వైపు తోలాను. ట్యాంకు మీదకు వంగి యాక్సిలరేటరు చివరంటా తిప్పి పట్టుకున్నాను. మీటరు ముల్లు తొంభై దాటి వణికింది, అంతకు మించి కదలలేదు. ఫోన్లు రెండూ ఎనభై నాలుగు దగ్గర ఆగాయి. ఎదురుగాలిలోనే అంత వచ్చింది కాబట్టి, తిరుగు దారిలో ఎక్కువ వస్తుందనుకున్నాను.

తిరిగాను. గాలి వీపును నెడుతోంది. యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి ఉంది. డెబ్బై దాటిన కాసేపటికి బండి వెనక కాస్త కిందికి దిగింది, ఎవరో చూసుకుని జాగ్రత్తగా ఎక్కి కూర్చున్నట్టు. ఇంజను గొంతు బరువెక్కింది. చచ్చినవాళ్ళు తిరిగి రారని పిల్లలకు బోధించినవాణ్ని, అందుకే వెనక్కి తిరగలేదు. నమ్మకం వల్ల తిరగలేదో భయం వల్ల తిరగలేదో ఇప్పటికీ చెప్పలేను. ప్రభువా, ప్రభువా అనుకుంటూ భాయ్ నిలబడిన చోటికి వచ్చి ఆపాను. ఫోన్లు రెండూ డెబ్బై ఆరు అన్నాయి.

వెనక కూర్చునేవాళ్ళు కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టులు రెండూ తెరుచుకుని ఉన్నాయి. బయల్దేరేముందు నా చేత్తోనే మూశాను.

"స్ప్రింగులు లూజన్నా. కుదుపుకి తెరుచుకుంటయ్," అన్నాడు భాయ్. మళ్ళీ దుమ్ము వదిలి చూశాడు. గాలి మారలేదు. "ఇటు ఎత్తుందేమో, కంటికి తెలీదు."

మళ్ళీ రెండు వైపులా తోలాను. అవే అంకెలు వచ్చాయి. చివరికి అతనే నా వెనక ఎక్కాడు. ఇద్దరం కలిసి జగ్గయ్యపేట వైపు వెళితే ఫోన్లు డెబ్బై ఆరు చూపించాయి. దిగాక అతను ఫుట్‌రెస్టులు మడిచి, రెండింటినీ తీగ ముక్కతో కట్టేశాడు.

సాయంత్రం మరదలికి కొలతలు మాత్రమే చెప్పాను. "వాడు ఎంతలో వచ్చాడో నేను కొలవలేనమ్మా. ఎంతలో రాలేడో కొలిచాను. ఆ బండికి వంద లేదు."

"రెండు వైపులా ఒకటే వచ్చిందా?"

"ఒక వైపు తగ్గింది."

"ఎటు?"

"ఇటే, నందిగామ వైపు."

"ఇంటి వైపు," అంది. పాపను దగ్గరికి తీసుకుని జుట్టు నిమిరింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడింది. "మా ఆయన వందలో రాలేదు. ఆ బండి అంత వెళ్ళదు. బావగారు కొలిచారు, కావాలంటే ఎవరైనా తీసుకెళ్ళి కొలుచుకోండి. ఆయన మాట తప్పాడని నేను ఇక నమ్మను. దేవునికి స్తోత్రం." కూర్చుంది. స్తోత్రం అన్న గొంతులు సన్నగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

ఆరాధన అయ్యాక మందిరం ముందు వరుసగా ఆపిన బండ్ల దగ్గరికి అందరూ వచ్చారు. మామూలుగా ఆ వేళ మా ఆవరణలో ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆ రోజు ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు. వేగమే కారణమైనంతకాలం, నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకు ఏమీ కాదు. ఇప్పుడా ఆసరా లేదు. ఒక ఇల్లాలు భర్త చేతిలోంచి తాళం తీసుకుని కొంగున కట్టుకుంది. దేవుని చిత్తం మనకు తెలియదని నేను ఎన్ని ప్రార్థనల్లో అన్నానో లెక్కలేదు. అన్నప్పుడెప్పుడూ ఇలా ఒళ్ళు జలదరించలేదు.

సమాధి దగ్గర హెచ్చరించిన పెద్దాయన తన బండిని కాసేపు కొత్త పశువును చూసినట్టు చూశాడు. తర్వాత స్టాండు తీసి, స్టార్ట్ చెయ్యకుండా, హ్యాండిలు పట్టుకుని నడిపించుకుంటూ గేటు దాటాడు. ఆయన వెనక ఒక్కొక్కరుగా మేమందరం, ఎవరి బండి వాళ్ళు తోసుకుంటూ, ఎండలో రోడ్డు అంచున నడిచాం.