సునీత గారి గేమ్ టెస్టు

2022 జూన్‌లో నన్ను రాజమహేంద్రవరంలోని ప్రధాన షాపు నుంచి పాలకొల్లు బ్రాంచికి సర్వీసు ఇన్‌ఛార్జిగా పంపారు. మాది కంప్యూటర్లు విడిభాగాలుగా తెప్పించి, అడిగినవారికి అడిగినట్టు బిగించి ఇచ్చే సంస్థ. మా దగ్గర మూడు మెట్లుండేవి. భాగాలు బిగించేవాడు అసెంబ్లీ టెక్నీషియన్. ఇళ్ళకు వెళ్ళి బాగుచేసేవాడు ఫీల్డ్ ఇంజనీరు. ఈ రెండు పనులూ చూస్తూ, కొటేషన్ మీద సంతకం పెట్టేవాడు ఇన్‌ఛార్జి. ఏ భాగానికి ఏ భాగం సరిపడుతుందో తేల్చే బాధ్యత ఆ సంతకానిదే. నడుము నొప్పి వల్ల నిరుడు, యాభై రెండేళ్ళకే, ఉద్యోగం మానుకున్నాను. మా సంస్థలో నా పేరు మీద చెలామణీ అవుతున్న ఒక పద్ధతి గురించి ఇప్పుడు నిజం చెప్పాలి.

ఆ వర్షాకాలంలోనే నరసాపురం రోడ్డులోని ఒక ఊరి నుంచి దేవసహాయం మాస్టారు, ఆయన కోడలు సునీత షాపుకు వచ్చారు. మాస్టారు మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సునీత కంప్యూటర్ మీద తోటలు వేస్తుంది. ఖాళీ స్థలంలో ఏ మొక్క ఎక్కడ నాటితే ఎలా ఉంటుందో, మనం అందులో నడుస్తున్నట్టు చిన్న సినిమాగా చేసి చూపిస్తుంది. కడియం నర్సరీ యజమాని ఒకాయన ఆమెకు మొదటి పెద్ద పని ఇచ్చారు. ఒక రిసార్టువాళ్ళకు చూపించాల్సిన తోట అది. ఆ సినిమా నచ్చితే ఇకపై తన పనులన్నీ ఆమెకే ఇస్తానన్నారట. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్ నాలుగు ఆకులు వేసేసరికి నిలబడిపోతోంది.

కంప్యూటర్ మీద ఇంకేమేం చేస్తారని అడగడం మా పద్ధతి. సునీత దాచలేదు.

"సాయంత్రం ఓ గంట గేమ్ ఆడతానండి."

"మా అబ్బాయితోనేనండి," అన్నారు మాస్టారు. "వాడు విశాఖలో ఉద్యోగం. శనివారం గానీ రాడు. ఈవిడేమో రోజూ వాణ్ణి తుపాకీతో కాల్చి చంపేసి, పక్కింటికి వినపడేలా నవ్వుద్ది. కాపురాలు ఇలాగుంటాయని మాకు తెలీదండీ!"

"ఆయన కూడా నన్ను చంపుతారు కదండీ మావయ్యగారూ. అప్పుడు మీకు వినపడదు," అంది సునీత.

ఆటకూ, ఆమె పనికీ కావలసింది దాదాపు ఒకటే. బొమ్మను లెక్కగట్టి తెర మీద చూపే గ్రాఫిక్స్ కార్డు బలంగా ఉండాలి, మెమరీ ధారాళంగా ఉండాలి. మంచి కార్డులు దొరకడమే గగనమైన రోజులవి. నా దగ్గర అప్పుడే వచ్చిన పెద్ద కార్డు ఒకటుంది. అది వేస్తే వాళ్ళు అనుకున్న మొత్తం దాటిపోతుంది. కార్డు తగ్గించడానికి మనసొప్పక, ఎస్‌ఎంపీఎస్ దగ్గర తగ్గించాను. గోడ నుంచి వచ్చే కరెంటును భాగాలన్నిటికీ తగినట్టు మార్చి పంచే పెట్టె అది. కంప్యూటర్ కొనేవాళ్ళు దాని సంగతి అడగరు. కొన్ని క్యాబినెట్లతో పాటే ఒక నాసిరకం ఎస్‌ఎంపీఎస్ ఉచితంగా వస్తుంది. దాన్నే ఉంచేశాను. ప్రతి భాగం ఎంత కరెంటు తింటుందో కూడి, పైన కొంత వదులు ఉంచి ఎస్‌ఎంపీఎస్ ఎంచాలని కుర్రాళ్ళకు నేర్పేవాణ్ణి నేనే. ఆ రోజు కూడి చూడలేదు.

కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, ఎక్కువగా ఆటలోనే. నేనే వెళ్ళాను. మా వృత్తిలో ఒక తయారుగా ఉండే ప్రశ్న ఉంది. ఏ ఇంట్లో ఏ కంప్యూటర్ మొరాయించినా ముందు దాన్నే అడుగుతాం. "గేమ్సేమైనా వేశారాండీ?" దాదాపు ప్రతి ఇంట్లోనూ వేసే ఉంటారు కాబట్టి తప్పు వాళ్ళ మీదికి పోతుంది, మనం టీ తాగి రావచ్చు. గేమ్స్ వల్ల మెషిన్ వేడెక్కుతోందని, తీసేస్తే సరిపోతుందని మాస్టారికి చెప్పాను. ఆటను నా చేత్తోనే తీసేశాను.

"ఆటకే ఆగిపోయేది, రేపు పనిలో ఆగిపోదాండీ?" అని సునీత అడిగింది.

పని వేరు, ఆట వేరు అన్నాను. మాస్టారు నా మాటకు విలువిచ్చి, ఇక ఆ మెషిన్‌లో ఆట ఉండకూడదని ఇంట్లో చెప్పేశారు.

రెండు వారాలు గడిచాక మాస్టారు మళ్ళీ ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"మా కోడలమ్మాయి మళ్ళీ ఆట ఎక్కించినట్టుందండి. సినిమా తయారవుతా తయారవుతా మధ్యలో ఆగిపోతంది. అడిగితే లేదంటంది. కడియం ఆయన సోమవారం తీసుకెళ్ళాలంట. మీరొచ్చి చూసి, ఉందో లేదో చెప్పాలండి. నాకు అబద్ధం చెప్పే పిల్ల కాదు, అదే నా బాధ."

శుక్రవారం పొద్దున్నే వెళ్ళాను. ముందు గదిలో మెషిన్, దాని పక్కన నిలబడి సునీత. ముఖంలో కోపం లేదు గానీ నవ్వూ లేదు.

"మీరే వెతకండి సార్," అంది.

వెతికాను. ఆట లేదు, దాని ఆనవాళ్ళూ లేవు. ఆ మాట చెప్పగానే మాస్టారు కుర్చీలో కూర్చుండిపోయారు. "మరి ఎందుకాగుతందండీ?" అన్నారు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. సినిమా తయారుచేయించి చూద్దామంటే ఒకసారి గంటకు ఆగుతుంది, ఒకసారి పూటంతా నడుస్తుంది. అప్పుడు సునీత అంది:

"ఆట ఎక్కిస్తానండి. పనిలో ఎప్పుడాగుద్దో తెలీదు గానీ ఆటలో అయితే మీ టీ చల్లారేలోపు ఆగుద్ది. ఆగేటప్పుడు మీరు పక్కనుంటే తెలుస్తాది కదా!"

ఇరవై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాణ్ణి. తీసేయడమే తప్ప, పరీక్ష కోసం ఆటను ఎక్కించడం నాకు తట్టలేదు. ఆమె ఎక్కించి ఆడింది. టీ సగంలో ఉండగానే తెర నల్లబడింది. లోపలి వేడి అప్పుడే చూశాను. అంతగా లేదు. నేను కూడి చూడని ఎస్‌ఎంపీఎస్ అప్పుడు గుర్తొచ్చింది. ఆటలో తుపాకీ పేలినప్పుడు, పొగ కమ్మినప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అది ఇవ్వలేని ఎస్‌ఎంపీఎస్ తనను కాపాడుకోవడానికి మెషిన్ మొత్తాన్ని ఆపేస్తుంది. తోట సినిమాలో ఆకులు దట్టంగా వచ్చే చోట కూడా జరిగిందదే. కాకపోతే ఆ లాగుడు అరుదు.

ఫీల్డ్‌కు వెళ్ళేటప్పుడు బండి డిక్కీలో మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి ఉంచుకోవడం అలవాటు. తెచ్చి బిగించాను. ఇంతలో సునీత, విశాఖలో ఇంకా ఆఫీసుకు బయలుదేరని భర్తకు ఫోన్ చేసి ఆటలోకి రమ్మంది. ఆమె ఆడుతుంటే చూడాల్సింది పోయి, మెషిన్ మళ్ళీ ఆగితే ఆ క్షణం నా చేతుల్లోనే తెలియాలని నేను కూర్చున్నాను. సునీత హెడ్‌సెట్ తీసి స్పీకర్ పెట్టింది. ఎటు తిరగాలో తెలిసేలోగా చచ్చిపోయాను.

"అయ్యో, పోయారండీ!" అన్నారు మాస్టారు వెనక నుంచి. "ఆ గోడ చాటుకి వెళ్ళండి. అటు కాదండీ బాబూ, ఎడమ పక్కకి!"

స్పీకర్‌లోంచి కొడుకు గొంతు వచ్చింది. "ఎవరు సునీతా ఇది? ఇంత ఘోరంగా ఆడుతున్నారేంటి? నాన్నగారా?"

"నేనైతే ఇంతసేపు బతకనురా!" అన్నారు మాస్టారు. ఆ ఇంట్లో ఆ రోజు అందరం నవ్వింది అప్పుడే.

చాలాసార్లు చచ్చాను. మెషిన్ మాత్రం ఆగలేదు. తర్వాత సునీత తోట సినిమా మొదలుపెట్టింది. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే చేపల పులుసు తిని, సాయంత్రం దాకా కూర్చున్నాను. సినిమా చివరి వరకూ వచ్చింది.

"అయితే కారణం ఏంటండీ?" అని మాస్టారు అడిగారు.

దీనికీ మా వృత్తిలో తయారుగా ఒక జవాబు ఉంది. కరెంటు హెచ్చుతగ్గులు అంటాం. చేపల చెరువుల మోటార్లు తిరిగే ఊళ్ళో ఎవరూ కాదనరు. నోటి దాకా వచ్చింది. సునీత నన్ను చూసింది. మామగారి ముందు ఆమె మాట నిలబడాలంటే నా మాట పోవాలి.

"తప్పు నాదండి మాస్టారూ," అన్నాను. "సరిపోని ఎస్‌ఎంపీఎస్ నేనే వేశాను. ఆటది తప్పు కాదు. అమ్మాయిగారు మొదటిసారే సరిగ్గా అడిగారు, నేను వినలేదు."

 మాస్టారు కోడలి వైపు తిరిగి, "నేనూ వినలేదమ్మా," అన్నారు. "ఆ ఆట అలాగే ఉండనీ." నాతో మాత్రం, లెక్క చేసేటప్పుడు మెట్లు వదిలేస్తే మార్కులు వేసేవాణ్ణి కాదని అన్నారు.

కడియం ఆయనకు సోమవారం సినిమా అందింది. పని సునీతకే దక్కింది. ఆమె నా గురించి ఎవరికీ చెడుగా చెప్పకపోగా, అదే నర్సరీ ఆఫీసుకు మెషిన్లు కావలసినప్పుడు మా బ్రాంచికే పంపింది. ఆ కుటుంబం పట్ల నా కృతజ్ఞత చిన్నది కాదు.

ఇక రెండో తప్పు. ఆ తర్వాత బిగించిన ప్రతి మెషిన్‌నూ, ఇచ్చే ముందు బరువైన ఆటతో పరీక్షించడం మొదలుపెట్టాను. ఆగిపోయే మెషిన్లు షాపులోనే దొరికిపోయాయి. రాజమహేంద్రవరం నుంచి మేనేజరు గారు వచ్చి చూసి, అన్ని బ్రాంచీల్లోనూ దాన్ని నియమం చేశారు. కుర్రాళ్ళు దానికి నా పేరు పెట్టారు. ఈ ఆలోచన ఎలా వచ్చిందని మీటింగులో అడిగితే, అనుభవం అన్నాను. పరీక్ష ఎవరిదో చెప్పాలంటే, ముందు ఎస్‌ఎంపీఎస్ ఎవరు వేశారో చెప్పాలి. మాస్టారి ఇంట్లో ఒప్పుకున్నది ఆఫీసులో ఒప్పుకోలేకపోయాను. ఆ పరీక్ష సునీత గారిది. ఇది రాస్తానని ఆమెకు చెప్తే, "రాయండి సార్, కానీ మీరెలా ఆడారో కూడా రాయాలి," అంది. రాశాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. భాగాల ఎంపిక ఎస్‌ఎంపీఎస్ లెక్కతో పూర్తవ్వాలి, దాని దగ్గర డబ్బు మిగుల్చుకోకూడదు. మెషిన్ ఆగిపోయిందని కస్టమర్ చెబితే, ఏం చేస్తుండగా ఆగిందో ఆ పనే మళ్ళీ మన ఎదుట చేయించి చూడాలి. ఆ పని మనకు నచ్చిందా లేదా అన్నది సర్వీసు ఇంజనీరుకు అనవసరం.