వెంపలి ఆకు పరీక్ష

1961 వేసవిలో నన్ను ముదిగుబ్బ దగ్గరి పచ్చిరొట్ట క్షేత్రానికి ఫీల్డ్‌మన్‌గా వేశారు. వ్యవసాయ శాఖలో అది అట్టడుగు మెట్టు. అయినా అరెకరం వెంపలి చేనుకు నేనే సర్వాధికారిని. వెంపలి బీళ్లలో దానంతటదే పెరిగే పప్పుజాతి మొక్క. ఊదా పూలు, చదునైన సన్నని కాయలు, ఈనెకు రెండువైపులా చిన్న ఆకులు. వేరు లోతుకు దిగుతుంది కనుక ఏళ్ల తరబడి బతుకుతుంది, కోసినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. దాన్ని నేలలో కలియదున్నితే మంచి ఎరువు.

ఆ ఏడు కరువు. పన్నెండు గొర్రెలే ఆస్తిగా ఉన్న ఓబులమ్మ కంచె బయట నిలబడి లోపలి చిగుళ్ల వైపు చూసింది. మర్నాడు ఎలాగూ దున్నించాలి కదా అని గేటు తీశాను.

"రెండు దినాల్నుంచి మేత లేదు సార్. రవ్వంతసేపు మేపి తోలుకపోతా" అంది. ఇదేం విషం కాదు, కడుపునిండా మేయనివ్వమన్నాను. సారు మాట కాదనలేక మందను అక్కడే వదిలింది.

గంట తిరక్కముందే ఒక గొర్రె కూలబడింది. విత్తనం బీళ్లలో ఏరి తెచ్చింది నేనే. అందులో విషపు మొక్కల గింజలు కలిశాయేమో! నా ఉద్యోగం అటుంచి, ఆమె మందంతా పోతుంది. వెంపలికి ఒక గుర్తు ఉంది: చిన్న ఆకు కొన పట్టుకుని లాగితే అడ్డంగా తెగదు, బాణం ములికిలా కోసుగా తెగుతుంది. సాలు సాలూ తిరిగి ఆకులు లాగాను. అన్నీ కోసుగానే తెగాయి. "అంతా వెంపలే!" అని అరిచాను. నిజం చెప్పొద్దూ, సంతోషించాను.

"ఆకు మంచిదే, నాకు తెల్దా? ఈడికొచ్చి దీన్ని పట్టుకో సార్!" అని ఓబులమ్మ గద్దించింది.

గొర్రెల ఎడమ డొక్కలు ఉబ్బి బిగుసుకున్నాయి. మాడిన కడుపుల్లో లేత ఆకు ఒక్కసారిగా పడి వాయువు నిలిచిపోయింది. ఆమె వాయువు బయటికి పోయేలా ఒక్కొక్కదాని నోట్లో అడ్డంగా పుల్ల కట్టి, ముందుకాళ్లు గట్టు మీదికి ఎక్కించి, డొక్క రుద్దుతోంది. నేను పరుగున పోయి గదిలోని వేరుశెనగ నూనె తెచ్చి తాగించాను. తొమ్మిది బతికాయి. చచ్చిన మూడింటిలో రెండు, నేను ఆకులు లాగుతూ తిరిగినప్పుడే పోయాయి.

ఆమె నన్ను తిట్టలేదు. "రవ్వంతసేపని చెప్తిని కదా సార్" అంది, అంతే.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా, ఎవరైనా ఒక మొక్క తెచ్చి ఇది మంచిదేనా అని అడిగితే, ఎంత, ఎప్పుడు, ఎలాంటి కడుపుకు అని ముందు అడిగేవాణ్ణి. మొక్కను గుర్తుపట్టడం మా పనిలో సగమే. మిగతా సగం ఓబులమ్మ ఆ రోజు గేటు దగ్గరే చెప్పింది. నేను వినలేదు.