సారు గుప్పిట్లో పాచికలు

మా ఇంగ్లిష్ సారు పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసినవాడు ఇంటర్లో నాతో చదివినవాడే, ఇప్పటికీ ఆర్మూర్‌లో పసుపు పండిస్తున్నాడు. "సారు పోయిండు. నువ్వొచ్చేదాక ఆపుతం, రా" అన్నాడు. బస్సులో కూర్చున్నాక ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు చెప్పకుండా ఎట్లా పోతారు?

తొంభైల మొదట్లో ఆదివారాలు సారు ఇంటి అరుగు మీద మేం నలుగురం ఒక ఆట ఆడేవాళ్లం. ఆయన స్నేహితుడెవరో బొంబాయి నుంచి తెచ్చిచ్చిన ఇంగ్లిష్ ఆట. చాప మీద గళ్ల పటం, కొన్ని పాచికలు, మిగతాదంతా మాటలే. సారు కథ చెబుతుంటే మేం అందులో మనుషులమై గుహల్లో దూరి, రాక్షసులను దాటి, నిధి తెచ్చుకోవాలి. ఏ నిధి దొరుకుతుందో పాచికే తేలుస్తుందని ఆట పుస్తకంలో ఉంది. మొదటి ఆటలో, ఇప్పుడు ఫోన్ చేసిన ఈ మిత్రుడికే పెద్ద కత్తి పడింది.

"గీ కత్తితోని నేనేం జెయ్యాలె సార్? మా బోరుల నీళ్లు లెవ్వు" అన్నాడు.

మేం నవ్వాం. సారు నవ్వలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఆ రోజు నుంచి గుహలోకి పోయే ముందు ఎవరికేం కావాలో వాళ్లే చెప్పాలి. అడిగినదాన్ని బట్టి కాపలా ఉంటుంది. అడిగి, ఆ కాపలాకు జవాబు చెప్పేదాకా పాచికలు ఆయన గుప్పిట్లోనే ఉండేవి. "దొరికింది తీస్కునుడు అలవాటైతే అడుగుడు మర్చిపోతరు" అనేవారు. పిల్లలకు జూదం నేర్పుతున్నాడని వీధిలో అన్నారు. సారు చాపను అరుగు అంచుకు, అందరికీ కనిపించేట్టు జరిపారు.

నా వంతు వచ్చినప్పుడు నిజామాబాద్ కాలేజీకి బస్ పాస్ అడిగాను. ఇంటర్‌తో నా చదువు చాలని ఇంట్లో అప్పటికే తేల్చేశారు.

"ఉంటది" అన్నారు సారు. "కాపలా రాక్షసుడు గాదు, మీ నాయిన."

గొంతు మార్చి మా నాన్న అయిపోయారు. "పసుపు పెట్టే యాళ్లకు నువ్వు బస్సెక్కితె చేన్ల ఎవలుంటరు?"

నిజమే కదా అనుకున్నాను. వట్టి చేతులతో గుహ బయటికి వచ్చాను. పై ఆదివారమూ అంతే. ఆ తర్వాత ఒకనాడు ఒళ్లు మండి చెప్పేశాను. "తెల్లారంగ చేన్ల ఉంట. ఎండెక్కినంక బస్సుకు పోత. ఆదివారం మొత్తం నీ ఎన్కనే ఉంట. కని పోత."

సారు గుప్పిట తెరిచారు.

జూన్‌లో, పసుపు కొమ్ములు పెడుతూ, మా నాన్న సరిగ్గా అదే అడిగాడు. నేనూ అదే చెప్పాను. ఆ నాగటి సాలు చివరిదాకా కొమ్ములు పెట్టుకుంటూ పోయాడు. తర్వాత, "పాస్ ఏడ ఇస్తరు?" అన్నాడు.

అప్పటి నుంచి ఇచ్చింది పుచ్చుకుని ఊరుకున్న చోటు లేదు. ఉద్యోగంలోనూ కాపురంలోనూ నన్ను గయ్యాళి అన్నవాళ్లున్నారు. అననీ. అది మా సారు పెట్టిన గుణం.

బస్సు దిగి సారు పాడె వెంట నడిచాను. దారిలో పాడె దించే దింపుడు కల్లం దగ్గర సారు బావమరిది చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడోళ్లు గీడిదాకనే. ఇగ మర్లుండ్రి."

ఆడవాళ్లందరూ మళ్లారు. నేను నిలబడ్డాను.

"ఏం గావాలమ్మా నీకు?"

"కట్టెల దాక వస్త. పాడె నేను సుత మోస్త."

"ఎన్నడన్న ఉన్నదా గిట్ల?"

"లేదు. ఇయ్యాల ఉంటది."

ఆయన నా మిత్రుడి వైపు చూశాడు. మళ్లీ పాడె ఎత్తబోతున్న ఆ మిత్రుడు పక్కకు జరిగి తన చోటు నాకు ఇచ్చాడు. బరువు భుజం మీదికి దిగింది. కట్టెల దాకా నా కళ్ల ముందు ఆ అరుగే, దాని మీద నా జవాబు విని మెల్లగా గుప్పిట తెరుస్తున్న సారే.