కృపకు వినపడిన పాట

ఆ కబురు నాకు మొదట తెచ్చింది ఖాసింబీ వదిన. మా పాలెం చివర దూదేకుల వాళ్ళ ఇల్లు వాళ్ళది. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి, "సువార్తా, కృప నీ కాడికి గాని వచ్చిందా?" అని అడిగింది. రాలేదన్నాను. ఆమె ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. ముఖం చూస్తేనే తెలిసిపోయింది, నా బిడ్డ చేలో తప్పిపోయిందని.

ముందే ఒక మాట చెప్పాలి. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న మమ్మల్ని అలా పెంచలేదు. మా ఇంట్లో తాయెత్తులు లేవు, దిష్టి తీయడాలు లేవు. పది మంది భయపడే చోటుకు పోయి పుల్లలు ఏరుకొచ్చిన దాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ కాదు. అయితే ఏ కథ అని అడిగితే మాత్రం, ఇంత వయసొచ్చాక కూడా నా దగ్గర జవాబు లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అవి యుద్ధం రోజులు. మా ఆయన పట్టాళంలో ఉన్నాడు. మాది కారంపూడి దాటి గురజాల పోయే దారిలో చిన్న ఊరు. ఇంట్లో ఉండేది నేను, మా అత్త నాగమ్మ, నా కూతురు కృప.

కృపకు చెవులు వినపడవు. పుట్టినప్పుడు బాగానే ఉంది. పాకే వయసులో పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వినికిడి దానితోపాటే పోయింది. వెనక బిందె పడినా తిరిగి చూసేది కాదు. మాట కూడా రాలేదు. చేతులతోనే అన్నీ చెప్పేది.

కాని దానికి పాటంటే ప్రాణం. వినపడని పిల్లకు పాటేమిటి అంటారేమో. నేను తెల్లవారి తిరగలి ముందు కూర్చుంటే, అది లేచి వచ్చి నా వీపుకు తన వీపు ఆనించి కూర్చునేది. నేను పాడుతూ విసురుతుంటే, పాట నడకకు సరిగ్గా చేత్తో గుండెల మీద తట్టుకునేది. నేను ఆపితే ఆపేది. ఖాసింబీ వదిన వాళ్ళాయన దూది ఏకేటప్పుడు కూడా అంతే. ఆ విల్లు తీగె మోగుతుంటే వాళ్ళ గోడకు అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని పొమ్మనేవారు కాదు.

నేను బడికి పోలేదు. మా నాన్నే నాపరాయి మీద బొగ్గుతో రాసి అక్షరాలు నేర్పాడు. మా అమ్మ విసురుకుంటూ పాడుకోవడానికని దేవుని ప్రేమ మీద ఒక పాట కట్టాడు. అందులో మొదటి మాటలు ఇవి:

గుప్పిట పట్టిన గింజను నేను,
గుప్పిట విప్పని ప్రేమవు నీవు.

మా అత్త బాప్తిస్మం పుచ్చుకుంది గాని పాటల జోలికి వచ్చేది కాదు. పైగా ఈ పాట వింటే ఊరుకునేది కాదు. "ఏమే, గుప్పిట విప్పకపోతే తిరగల్లో గింజలెట్టా పడతయ్యే? పిండెట్టా వస్తది? మీ నాయన ఏనాడన్నా విసిరితే గదా తెలిసేది!" అనేది. నేను నవ్వేదాన్ని.

ఆ రోజు నా మడమలో తుమ్మముల్లు దిగి చీము పట్టి ఉంది. కాలు కింద మోపలేను. అందుకని కృపను మా అత్త తనతో చేనికి తీసుకుపోయింది. జొన్న మనిషి కంటే ఎత్తు పెరిగి, కంకులు పాలు పోసుకునే రోజులు. పిట్టల్ని తోలడానికి ఆమె మంచె ఎక్కింది. పిల్ల మంచె కింద నీడలో ఆడుకుంటోంది. ఆమె వడిసెల తిప్పి, రాళ్ళు విసిరి, కిందికి చూసేసరికి పిల్ల లేదు.

జొన్నచేలో దారి తప్పితే పెద్దవాళ్ళకే దిక్కు తెలియదు. ఏ వైపు చూసినా ఒకటే ఆకు. పిలిస్తే పలికే పిల్లయితే ఎంతలో దొరికేది! ఆ చేలకు ఆనుకునే నాపరాళ్ళు తవ్వి తీసిన గుంటలు ఉన్నాయి. వానలకు నిండి, అంచుదాకా నీళ్ళు. గట్టూ లేదు, గోడా లేదు. ఆ గుంటల్లో ఏదో ఉందని ఊళ్ళో చెప్పుకునేవారు. నాకు ఆ ఏదో అంటే భయం లేదు. నీళ్ళంటేనే భయం.

ఖాసింబీ వదిన కబురు చెప్పి మళ్ళీ పరుగెత్తింది. ఊరంతా కదిలింది. డప్పులు కొట్టారు. "కృపా! ఓ కృపా!" అని అందరూ కేకలు పెడుతున్నారు. మంచివాళ్ళు, పని వదిలిపెట్టి వచ్చినవాళ్ళు. కాని ఆ కేకల్లో ఒక్కటి కూడా దాన్ని చేరదు. దానికి వినపడదని వాళ్ళకు తెలియక కాదు. మనిషి తప్పిపోతే పేరు పెట్టి పిలవడం తప్ప మనకు ఇంకో పద్ధతి తెలియదు.

నేను గోడ పట్టుకుని లేచాను. గుమ్మం దాకా పోయి పడిపోయాను. మళ్ళీ లేచాను, మళ్ళీ పడ్డాను. ఆఖరికి పాక్కుంటూ వచ్చి తిరగలి దగ్గర కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. చేయి దానంతటదే తిరగలి పిడి మీదికి పోయింది. గింజలు పోసి విసరడం మొదలుపెట్టాను. పాట వచ్చింది.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. ఆ పాట నేను బిడ్డను పిలవడానికి పాడలేదు. ఆ ఆలోచనే నాకు రాలేదు. ఊపిరాడక పాడాను. 'గుప్పిట విప్పని ప్రేమవు నీవు' అన్నప్పుడల్లా గుండెల మీద నుంచి ఒక రాయి కాస్త పక్కకు జరిగినట్టుండేది. మళ్ళీ వచ్చి కూర్చునేది. మళ్ళీ అనేదాన్ని. బిడ్డ ఎక్కడ ఉన్నా ఆయన చేతిలోనే ఉందని నన్ను నేను నమ్మించుకుంటూ పాడాను. ఎంతసేపో తెలియదు. ఎండ గుమ్మంలోంచి బయటికి పోయింది.

అప్పుడు మా అత్త వచ్చింది. పిల్ల ఇంటికి గాని చేరిందేమోనన్న ఆశతో వచ్చింది. కాళ్ళ నిండా, చేతుల నిండా జొన్నాకు గాట్లు. చీర చిరిగి ఉంది. లోపలికి వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏమే, పిల్ల యాడ బడిందో తెలవక నేను చస్తంటే, నువ్వు పాటలు పాడుకుంటన్నావా?" అంటూ వచ్చి తిరగలి పిడి గట్టిగా పట్టుకుంది. తిరగలి ఆగింది. పాట ఆగింది.

"అరిస్తే దానికి వినపడదు గదత్తా" అన్నాను.

"మరి నీ పాట వినపడుద్దా?"

ఆ సమయానికే మా ఊరి మిట్ట మీద బస్సు కూత వేసింది. ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. గురజాల నుంచి వచ్చే బస్సు రోజూ ఆ మిట్ట ఎక్కలేక ఆగిపోయి, మనుషుల్ని దింపడానికి కూత వేసేది. ఆ కూత నాకు బాగా గుర్తుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

మా అత్త పిడి వదల్లేదు. అలాగే నా ఎదురుగా కూలబడింది. "నా కళ్ళు కాలిపోను, పిట్టల్ని చూశా గాని పిల్లను చూడకపోతినే" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నేను ఆమె చేతి మీద చేయి వేశాను. ఇద్దరం అట్లా ఉండిపోయాం.

తర్వాత ఏమనుకుందో, ఆమె చేయి మెల్లగా తిరగలిని తిప్పింది. గింజలు వేయలేదు. ఉత్త రాయి తిరుగుతోంది. ఆమె గొంతు ఎత్తి, "గుప్పిట పట్టిన గింజను నేను" అంది. రాగం లేదు, ఏడుపే ఉంది. అన్నేళ్ళు వెక్కిరిస్తూనే పాటంతా కంఠతా పట్టిందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. రెండో మాట నేను ఎత్తుకున్నాను. ఇద్దరం పాడాం.

పొద్దు పూర్తిగా వాలకముందే ఖాసింబీ వదిన వచ్చింది. నడుం దాకా తడిసి ఉంది. చంకలో కృప.

పిల్ల కిందికి జారింది. ఏడవలేదు. రోజూ వచ్చినట్టే వచ్చి నా వీపుకు వీపు ఆనించి కూర్చుంది. దాని ఒళ్ళు వెచ్చగా తగిలింది. నేను పాట ఆపలేదు. ఆపితే ఇదంతా కరిగిపోతుందేమో అనిపించింది.

మా అత్త మాత్రం పిల్లను లాగి, ఒళ్ళంతా తడిమి, "ఎంతమందిమి పిలిచినం! ఒక్కసారన్నా పలకవేందే, చెవిటి ముండా!" అని తిట్టింది. అని, తను ఏమన్నదో తనకే తెలిసి నోరు నొక్కుకుంది. గుమ్మంలో చేరిన జనమంతా నవ్వారు. ఖాసింబీ వదిన గోడకు ఆనుకుని కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆ సాయంత్రం మా ఇల్లు పెళ్ళిల్లులా ఉంది. ఎవరో గంజి తెచ్చారు, ఎవరో నా మడమకు పసుపు కట్టారు. నా దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో నాకే తెలియదు.

అసలు సంగతి మర్నాడు తెలిసింది. వదిన నా పక్కన కూర్చుని తను చూసింది చెప్పింది.

ఆమె ఊళ్ళోవాళ్ళతో పోకుండా వాగుకు ఇటు ఉన్న రాతిగుట్ట ఎక్కిందట. పైనుంచి చూస్తే చేలన్నీ కనపడతాయి. వాగుకు అటువైపు బండిదారి మీదికి జొన్నలోంచి పిల్ల వచ్చింది. ఆ దారి కొంత దూరం వచ్చి రెండుగా చీలుతుంది. ఒకటి గుంటలకు, ఒకటి వాగు దాటి మా ఊరికి. వదిన గుట్ట దిగుతూనే చూస్తోంది. పిలిచి లాభం లేదు. పిల్ల తడబడకుండా నడుస్తోంది. నడుస్తూ అరచేత్తో గుండెల మీద తట్టుకుంటోంది.

"నీ తిరగలి కాడ కొట్టుకుంటది చూడు, అట్టనే" అంది వదిన.

దారి చీలే చోటుకు వచ్చి పిల్ల ఆగిపోయింది. చేయి ఆగిపోయింది. దిక్కు తెలియనట్టు అటూ ఇటూ చూసింది. గుంటల వైపు నాలుగడుగులు వేసింది. "నా పానం పోయింది సువార్తా. నేనేమో ఇంకా వాగు ఇవతలే. అప్పుడే బస్సు కూసింది. ఆ కూత వినపడితేనన్నా వెనక్కు తిరిగేది, దానికి అదీ లేకపాయె అనుకున్నా" అంది.

కాసేపు పిల్ల అలాగే నిలబడింది. తర్వాత మళ్ళీ చేయి గుండెల మీదికి పోయింది. తట్టుకుంటూ వెనక్కు తిరిగింది. మా ఊరి దారి పట్టి నేరుగా వాగు దగ్గరికి వచ్చింది. వదిన నీళ్ళలోకి దిగి ఎత్తుకుంది.

మా అత్త పిడి పట్టుకుని పాట ఆపిన సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. బస్సు కూత సంగతి అసలే చెప్పలేదు. మా అత్త వైపు చూశాను. ఆమె ముఖం తెల్లబోయి ఉంది. "నేను మళ్ళా ఎత్తుకోకపోతే?" అని ఒక్క మాట అంది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్ళు తిరగలికి అటువైపు కూర్చుని పాడింది. రాగం మాత్రం కడదాకా రాలేదు.

మా బోధకుడుగారు ఇది విని ఎంతో సంతోషించారు. వదిన వచ్చి ఆదివారం కూటంలో చెప్పాలని అడిగారు. వచ్చింది. పిల్ల పక్కన తెల్లని బట్టలతో ఎవరైనా కనపడ్డారా అని ఆయన ఆశగా అడిగారు. వదిన ఆలోచించి, "లేదయ్యా. పిల్ల ఉంది, దారి ఉంది. నేను చూసింది చెప్తన్నా. చూడంది ఎట్టా చెప్పేది?" అంది. అటు ఆమె చుట్టాలు, కిరస్తానీలలో కలిసిపోయి కతలు చెబుతోందని ఎగతాళి చేశారు. వాళ్ళకూ అదే మాట చెప్పింది. ఒక ముక్క కలపలేదు, ఒక ముక్క తీసేయలేదు.

తర్వాత చదువుకున్న మేష్టారు ఒకాయన, మన పల్నాడులో నేల కింద అంతా నాపరాయి పరుపే గనుక తిరగలి అదురు రాతిలో పోయి పిల్ల పాదాలకు తగిలి ఉంటుందన్నాడు. కావచ్చు. కాని మా ఇంటికీ ఆ బండిదారికీ మధ్య వాగు ఉంది, లోతైన నల్లరేగడి ఉంది. ఆ వేళ ఊళ్ళో ఇంకెన్నో తిరగళ్ళు తిరుగుతుంటాయి. డప్పులు మోగుతున్నాయి. వాటన్నిటిలో అమ్మ తిరగలి ఏదో దానికి ఎట్లా తెలిసింది? గుంటూరులో డాక్టరుకు చూపిస్తే చెవి నరం పూర్తిగా చచ్చిపోయిందన్నారు. కృపకు ఇప్పుడు మనవలు. ఇన్నేళ్ళలో ఒక్క చప్పుడు విన్నది లేదు. ఆ రోజు ఎట్లా వచ్చావని సైగలతో ఎన్నిసార్లు అడిగినా, నవ్వి, నా వీపు మీద అరచేయి పెడుతుంది. అంతకు మించి చెప్పదు.

నాకు తెలియదు. తెలియకపోయినా లోటు లేదు. భయం వచ్చినప్పుడల్లా ఆ పాటే పాడుకుంటాను. రాయి పక్కకు జరుగుతుంది.

ఖాసింబీ వదిన వాళ్ళు తర్వాత కృష్ణ దాటి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఉందో లేదో కబురు లేదు. పాట పాడిన వాళ్ళం మేము. మాకేమీ కనపడలేదు. కనపడింది ఆమెకు. మా దేవుడు నాకు చేసిన మేలుకు మా మతం కాని మనిషి ఒక్కతే సాక్షి. ఆమె గుట్ట ఎక్కి చూడకపోతే, చూసింది చూసినంతే చెప్పకపోతే, పిల్ల దానంతటదే ఇల్లు చేరిందనుకుని నేను కూడా మరిచిపోయేదాన్ని.

ఇది చదివిన వాళ్ళు ఈ రోజు ప్రార్థనకు కూర్చున్నప్పుడు, మీ వాళ్ళ పేర్లన్నీ అయిపోయాక, ఖాసింబీ అన్న పేరు ఒక్కసారి తలుచుకోండి.