ఆదరణ కూడికలో నేను చెప్పిన సాక్ష్యం

పదమూడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే కుంగిపోయిన మనిషినెవరినో మీరు ఊహించుకుంటారేమో. అలాంటిదేమీ లేదు. వేళకు తింటున్నాను, ఆఫీసులో జోకులు వేస్తున్నాను. కానీ ఎవరైనా నన్ను మంచివాడివి అన్నప్పుడల్లా మాట మార్చేస్తాను. నా పేరు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

విల్సన్, నేను ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో కలిసి చదువుకున్నాం. మాసన్ లేక్స్‌లో, యూనివర్సిటీకి పది నిమిషాల నడకలో, ఒక ఇంట్లో ఒకే గది మా ఇద్దరిదీ. వాడిది భీమవరం పక్క పల్లె, మాది అమలాపురం. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు, మేం గుడికి వెళ్లేవాళ్లం. ఆ తేడా ఆదివారం పొద్దున్న తప్ప ఎప్పుడూ కనిపించేది కాదు. వాడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తెలుగు చర్చికి బయల్దేరేవాడు. పోతూ పోతూ నా దుప్పటి లాగి అవతల పారేసేవాడు. నేను తిట్టేవాణ్ణి. వాడు మెట్ల మీద నుంచి నవ్వడం వినిపించేది.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా ఎండ గుర్తొస్తుంది. క్లాసులయ్యాక ఇంటి దగ్గరి సరస్సు ఒడ్డున గడ్డిలో వెల్లకిలా పడుకునేవాళ్లం. యూకలిప్టస్ వాసన. నీళ్ల మీద నుంచి కళ్లలోకి కొట్టే వెలుగు. ఎక్కడో బాతుల అరుపులు, సగం మెలకువ, సగం నిద్ర. గంటలు గంటలు ఏం మాట్లాడుకున్నామో ఒక్క ముక్క గుర్తు లేదు. అసలు మాట్లాడుకున్నామా? లేక వాడి పక్కన పడుకుని నేను కన్న కలని పదమూడేళ్లుగా జ్ఞాపకం అనుకుంటున్నానా? తెలియదు.

వాడు వారానికి మూడు రోజులు వృద్ధాశ్రమంలో పనిచేసేవాడు. అక్కడ ఎవరైనా చివరి ఘడియల్లో ఉంటే, వాళ్ల వాళ్లు వచ్చేదాకా వీడు చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. షిఫ్ట్ అయిపోయినా లేచి వచ్చేవాడు కాదు. పిచ్చోడివిరా అని ఏడిపించేవాణ్ణి.

రెండో ఏడాది వాడికి బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అయిదు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. తండ్రి లేడు. వాడి పదేళ్లప్పుడే పోయాడు. అమ్మ ఊళ్లో బడిలో టీచరు. కొడుకు దగ్గరికి రావాలని పరుగులు పెట్టి పాస్‌పోర్ట్ తీయించుకుంది. వీసా మాత్రం రాలేదు. అందుకని వాడి దగ్గర అమ్మా, అన్నా, తమ్ముడూ అన్నీ నేనే. అలా అని అందరూ అనేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కిటికీ తెర పక్కకు లాగమన్నాడు. ఎండ మంచం మీద పడింది. అప్పుడన్నాడు.

“మావా, నేను పోయేటప్పుడు పక్కనే ఉండరా.”

“ఉంటాను.”

“ఇంకోటుంది. ఆదరణ కూడికలో నిన్ను మాట్లాడమంటారు. నవ్వుతా వెళ్లిపోయాడు, పాడతా వెళ్లిపోయాడు అని చెప్పకు. మా నాన్నకి అలాగే చెప్పారు. ఆయన భయంతో ఏడ్చాడ్రా, పక్కగదిలోంచి నేను విన్నాను. ఆ రోజు నుంచి నాకు భయమేసినప్పుడల్లా సిగ్గేసేది, భయపడటం దాచాల్సిన తప్పేమో అని. నాకు భయంగా ఉంది మావా. అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పు.”

“చెప్తాను.”

“ప్రామిస్?”

“ప్రామిస్ రా.”

ఆదరణ కూడిక అంటే మీకు తెలిసే ఉంటుంది. మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్లను ఓదార్చడానికి చర్చివాళ్లు, బంధువులు అందరూ చేరి ప్రార్థన చేస్తారు. పోయినవాళ్ల గురించి ఒక్కొక్కరే లేచి నాలుగు మాటలు చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. సాక్ష్యం.

వారం తిరక్కుండానే, ఇంక ఈ రోజే కావచ్చని నర్సు మెల్లగా చెప్పింది. నేను వాడి పక్కన కూర్చున్నాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఎక్కడ మిగిలి ఉందో! కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయో, నా వెనక ఇంకేదైనా చూస్తున్నాయో తెలియలేదు. “వెళ్లకురా” అన్నాడు. నేనెక్కడికీ వెళ్లడం లేదు, అయినా అన్నాడు. ఆ భయం నా చేతిలోకి పాకుతున్నట్టు అనిపించింది. నాకు ఊపిరాడలేదు. ఒక్కొక్క వేలూ విడదీసుకుని, కాఫీ తాగి అయిదు నిమిషాల్లో వస్తానని చెప్పాను.

లిఫ్ట్ దిగాను. కాఫీ మెషిన్ దాటాను. తలుపులు తెరుచుకున్నాయి. బయట ఎంత ఎండ! బస్సు వచ్చి ఆగింది, ఎక్కాను. ఎక్కాలని అనుకోలేదు. కానీ టికెట్ తీసుకుంది నేనే, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నదీ నేనే. మాసన్ లేక్స్‌లో దిగి సరస్సు ఒడ్డున పడుకున్నాను. నీళ్ల మీద వెలుగు ఊగుతోంది. అంతా మామూలుగా ఉంది. వాడు ఇప్పుడే వచ్చి నా పక్కన వాలతాడనిపించింది. అంత హాయిగా ఆ అయిదు నెలల్లో నేనెప్పుడూ లేను. నిద్రపోయాను. అవును, నిద్రపోయాను.

లేచేసరికి నీడలు పొడుగయ్యాయి. ఫోన్‌లో ఆసుపత్రి నుంచి వచ్చిన మిస్డ్ కాల్స్ పదకొండు. పోయే సమయానికి పక్కన ఎవరూ లేరని నర్సు చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నాలుగు రోజులకు, వాడిని ఇంటికి పంపే ముందు, కమ్యూనిటీ హాల్లో ఆదరణ కూడిక పెట్టారు. వాళ్లమ్మ వీడియో కాల్‌లో ఉంది. మంచినీళ్ల సీసాకి ఆనించిన ఫోన్‌లో అరచెయ్యంత ముఖం. చివరి శ్వాస దాకా చెయ్యి పట్టుకుని ఉన్న స్నేహితుడు ఇప్పుడు సాక్ష్యం చెబుతాడని పాస్టరుగారు నన్ను పిలిచారు. ఆ మాట ఆయనకు నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అందరూ అలా అనుకున్నారంతే. కాదనడానికి ఒక్క క్షణం చాలు. నేను లేచి నిలబడ్డాను. భయపడ్డాడని చెబితే, నువ్వేం చేశావని అడుగుతారు కదా. అదీ అసలు సంగతి. ఆ తల్లిని బాధపెట్టడం ఇష్టం లేక అబద్ధమాడానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నన్ను నేను కాపాడుకోవడానికి ఆడాను.

పాట పాడుతూ వెళ్లిపోయాడని చెప్పాను. “అమ్మా, నాకేం భయం లేదు” అన్నది వాడి చివరి మాట అని చెప్పాను. హాలంతా స్తోత్రం అంది. ఫోన్‌లో ఆవిడ నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

నేను కల్పించిన ఆ మాటను సమాధి రాయి మీద చెక్కించారు. ఫోటో పంపారు. ఏటా జ్ఞాపకార్థ కూడికకు నన్ను వీడియోలో పిలిచేవారు. నేను ఏటా అదే చెప్పాను. రెండు మూడేళ్లకు నాకు తడబాటు కూడా పోయింది.

పోయిన ఏడాది ఆవిడకు జబ్బు చేసింది. నయమయ్యేది కాదు. ఒక రోజు తనే ఫోన్ చేసింది. నా పిల్లల గురించి, ఇక్కడ అడిలైడ్ వానల గురించి అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

“నా బిడ్డ ఇరవై నాలుగేళ్లకే భయం లేదన్నాడు. నేను రోజూ వాక్యం చదువుతాను. అయినా నాకు భయమేస్తంది బాబూ. ఎవరితో అన్నా ఏమనుకుంటారోనని నీతో అంటన్నాను. నా విశ్వాసం చాలదంటావా?”

ఒక్క వాక్యం చాలు. వాడు నా చేతిలో పెట్టి వెళ్లిన వాక్యమే అది. వాడూ భయపడ్డాడు ఆంటీ అంటే, ఆవిడ ఏడ్చేదేమో, నన్ను తిట్టేదేమో, కానీ ఆ భయంలో ఆవిడకు తోడుగా కొడుకు ఉండేవాడు. నేనేమన్నానో తెలుసా? డాక్టర్లు చూసుకుంటారు, మీరు రెస్ట్ తీసుకోండి ఆంటీ అన్నాను. సరే నాన్నా అని పెట్టేసింది.

మూడు వారాలకు ఆవిడ పోయింది. ఆవిడ ఆదరణ కూడికను కూడా ఫోన్‌లో చూశాను. అచ్చం కొడుకులాగే, ఏ భయమూ లేకుండా నవ్వుతూ వెళ్లిందని ఎవరో సాక్ష్యం చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు.

మీరు క్షమిస్తారని ఇది రాయలేదు. క్షమించే హక్కు ఉన్న ఇద్దరూ లేరు. ఇప్పుడు చెప్పినందువల్ల ఎవరికీ ఏ మేలూ లేదు, నాకు కాస్త ఊపిరి ఆడడం తప్ప. అయినా ఆ రోజు హాల్లో చెప్పాల్సిన సాక్ష్యాన్ని ఒక్కసారైనా ఎవరో ఒకరి ముందు చెప్పాలి.

విల్సన్ భయపడ్డాడు. చాలా భయపడ్డాడు. వెళ్లకురా అన్నాడు. నేను వెళ్లిపోయాను.