చిట్టితల్లి పెళ్ళి ఆగిన రోజు

మా అక్క గుడ్డ కత్తిరించేది ప్రకటనలు వచ్చినప్పుడే. కుట్టడానికి కళ్ళతో పనిలేదు, చేతులకీ కాళ్ళకీ అన్నీ తెలుసంటుంది. కత్తెర పట్టుకుంటే మాత్రం చూపు గుడ్డ మీదే ఉండాలి. అందుకని సాయంత్రం ఏడింటి సీరియల్ నడిచినంతసేపూ కత్తెర బల్ల మీద పడుకుని ఉంటుంది, ప్రకటన రాగానే లేస్తుంది. దుకాణానికి వచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు ప్రకటనల దాకా స్టూలు మీద కూర్చుని, విధిలేక సీరియల్ చూసి, మర్నాడు పనేమీ లేకపోయినా మిగతాది చూడ్డానికి వస్తారు. వీధిలో అందరూ ఆవిణ్ణి కత్తెరక్క అంటారు. నేను కత్తెరక్క చెల్లెల్ని. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం, ఆవిడకి ఎదురు చెప్పడం నా పనులు.

సీరియల్లో నాయికకి ఏదో పొడుగాటి పేరుంది. మా అక్కకి మాత్రం ఆ పిల్ల చిట్టితల్లి. చిట్టితల్లికి ఒంటి నిండా నగలేసుకుని తిరిగే మేనత్త ఒకావిడ ఉంది, ఇల్లు కూల్చడమే ఆవిడ పని. ఆవిడ తెర మీదకి రాగానే అక్క మిషన్ ఆపకుండానే తిట్లు మొదలుపెడుతుంది. వచ్చావా తల్లీ, నీ మొహం మండ, పొద్దున తిన్నది అరిగిందా అని. నాకు ఆ సీరియల్ అంటే ఒళ్ళుమంట. అందులో తలుపు తియ్యడానికి ఒక వారం, అవతల ఎవరున్నారో చూసి అదిరిపడ్డానికి ఇంకో వారం పడుతుంది. ఆ మాట అంటే అక్క నా మీద ఒంటికాలి మీద లేచేది.

పోయినేడు బళ్ళు తెరిచే ముందు, దుకాణం నిండా యూనిఫాం గుడ్డలు గుట్టలు పడి ఉన్న రోజుల్లో, మేనత్త అబద్ధాలు చెప్పి చిట్టితల్లి పెళ్ళి చెడగొట్టింది. ఆ సాయంత్రం అక్క స్నానం చేసి వచ్చి మిషన్ ముందు కూర్చుంది. పెళ్ళి ఇంకా ఆగనేలేదు, ఈవిడ మాత్రం అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది. కథ నీకు ముందే చెప్పారా ఏంటి అని ఆటపట్టించాను. పెళ్ళి ఆగాక ఇంకా ఏడ్చింది. ఎదురింటి టీచరమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కత్తెరక్క సీరియల్ చూసి ఏడ్చిందని వీధంతా చాలా రోజులు నవ్వుకున్నాం.

మొన్నీమధ్య కథ మారింది. చిట్టితల్లికి ఎడమ చంక కింద గడ్డ కనపడింది. అద్దం ముందు చెయ్యెత్తి తడుముకోవడం, ఉరుములు, మెరుపులు, ఆ పిల్ల మొహాన్ని మూడువైపుల నుంచి చూపించడం, అంతా మామూలే. మామూలుగా లేనిది మా అక్క. మిషన్ ఆగిపోయింది. ప్రకటనలు వచ్చినా కత్తెర ముట్టుకోలేదు. ఆ తర్వాత రోజూ అంతే. మేనత్త ఎదురుగా వచ్చి నిలబడ్డా తిట్టడం లేదు. ఒకరోజు చొక్కా కత్తిరించి నా ముందు పడేస్తే, చూద్దును కదా, రెండూ ఎడమ చేతులే. చెయ్యి తిరిగిన మనిషి, కొత్తలో కూడా అలాంటి తప్పు చెయ్యలేదు.

ఆ ఆదివారం ఇంట్లో అందరి బట్టలూ ఇస్త్రీ చేస్తున్నాను. అక్క జాకెట్టు తిరగేస్తే ఎడమ చంక దగ్గర కుట్టు విప్పి, వదులు చేసి, మళ్ళీ కుట్టి ఉంది. కుడి చంక ఎలా ఉన్నదో అలాగే ఉంది. ఇంకోటి తీశాను. దానికీ అంతే. అలమారలో ఉన్నవన్నీ మంచం మీద పరిచి చూశాను. అన్నిటికీ ఎడమ పక్కే. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడుతున్న వాసన వచ్చేదాకా కదల్లేకపోయాను.

అడిగితే మొదట నీళ్ళు నమిలింది. ఒళ్ళొచ్చిందంది. ఒక పక్కే ఎలా వచ్చిందక్కా అన్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది. గట్టిగా, గోళీకాయంత తగిలింది. కాదు, గోళీకాయ కంటే పెద్దదే. నేను చెయ్యి లాక్కున్నాను. భయమేసి లాక్కున్నాను, ఇంకేం లేదు.

ఆస్పత్రికి పద అంటే రానంది. కారణం నాకూ తెలుసు. బావ కడుపునొప్పని తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఆస్పత్రికి వెళ్ళాడు, వచ్చేటప్పుడు నలుగురు మోసుకొచ్చారు. ఆస్పత్రి మాటెత్తితే అక్కకి ఇప్పటికీ ఆ మెట్లే కళ్ళముందు కనపడతాయి.

"ఆ పిల్ల పరీక్ష చేయించుకుంది కదా," అంది చివరికి. "దాని రిపోర్టు రానీ. దానికేమీ లేదంటే నేనూ వస్తాను."

కోపంతో ఊగిపోయాను. బతిమాలాను. టీవీ పగలగొడతానన్నాను. బండ మీద నీళ్ళు పోసినట్టే అయింది. అక్కకి ఇష్టం లేని పని చేయించడం మా అమ్మ తరం కూడా కాలేదు. ఇక చేసేదేముంది, ఏడు కాగానే కాజాలు పక్కన పెట్టి నేనూ తెర ముందు కూర్చోవడం మొదలుపెట్టాను. ఏ సీరియల్‌ని చూసి ఇన్నాళ్ళూ ముక్కు విరిచానో, దానికే చేతులెత్తి మొక్కాను. ఆ రాసే మహానుభావుడెవరో, ఆ పిల్లకి మంచి రిపోర్టు రాయించు తండ్రీ అని. వాళ్ళేమో సాగదీశారు. చిట్టితల్లి కవరు చేతిలో పట్టుకుంది. కవరు గాలికి ఎగిరిపోయింది. మేనత్తకి దొరికింది. పక్కన అక్క ఎడమ చెయ్యి ఒళ్ళో దాచుకుని కూర్చునేది.

ఒక సాయంత్రం చిట్టితల్లి గుమ్మం దాటి బయటికి వెళ్ళింది. మర్నాడు అదే గుమ్మంలోంచి ఇంకో పిల్ల లోపలికొచ్చింది. మొహం వేరు, గొంతు వేరు, అందరూ మాత్రం పాత పేరుతోనే పిలుస్తున్నారు. పాత పిల్ల మానేసిందట, టీచరమ్మ చెప్పింది. కొత్తపిల్ల రాగానే ఇంటి పత్రాలు పోయాయని కొత్త గొడవ మొదలైంది. ఇవాళ కాకపోతే రేపు గడ్డ సంగతి వస్తుందని చూశాం. రాలేదు. కవరు సంగతీ లేదు. కొత్తపిల్ల రెండు చేతులూ పైకెత్తి కర్టెన్లు తగిలిస్తోంది, హాయిగా.

అక్క నా వైపు తిరిగింది.

"మరి ఆ గడ్డ ఏమైందే?"

"రాసేవాళ్ళు మర్చిపోయారక్కా."

మళ్ళీ తెర వైపు తిరిగింది. అంతవరకూ ఎవరో తోడున్నారనుకుని నడిచిన మనిషి వెనక్కి తిరిగి చూసుకున్నట్టుంది. తర్వాత లేచి, సీరియల్ మధ్యలో టీవీ కట్టేసింది. నాకు తెలిసి ఆవిడ అలా కట్టెయ్యడం అదే మొదలు. రేపు పొద్దున దుకాణం తెరవొద్దంది.

ఆస్పత్రి మెట్ల దగ్గర ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకున్నాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడింది. చెయ్యెత్తించి చూసింది, వేళ్ళతో చాలాసేపు నొక్కి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి, ఇది ఎప్పట్నుంచి ఉందని అడిగింది.

సీరియల్లో వచ్చినప్పట్నుంచే అని అప్పటిదాకా నేననుకుంటున్నాను. ఆ పిల్లని చూసి తడుముకుని ఉంటుంది, దొరికి ఉంటుంది, ఎంత, నెలో రెండు నెలలో. అదొక్కటే నాకున్న ధైర్యం.

"చిట్టితల్లి పెళ్ళి ఆగిన రోజు నుంచి," అంది అక్క.

డాక్టరమ్మ అది మా ఇంటి పిల్ల పెళ్ళి అనుకుంది పాపం. అయ్యో, ఎప్పుడు ఆగిందమ్మా అని అడిగింది. అక్క తలొంచుకుంది. చెప్పాల్సింది నేను. దుకాణంలో యూనిఫాం గుడ్డలు మళ్ళీ గుట్టలు పడి ఉన్నాయి.

"పోయినేడు, బళ్ళు తెరిచే ముందు," అన్నాను.

డాక్టరమ్మ రాయడం ఆపి నా వైపు చూసింది. సూది పరీక్ష ఇవాళే చేసేద్దామంది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆ రోజు అందుకేనా ఏడ్చావని అడిగాను.

"స్నానం చేస్తుంటే చేతికి తగిలింది," అంది. "ఏడుపు ఆగలేదు. మీరంతా సీరియల్ కోసమనుకుని నవ్వుతున్నారు. పోనీలే, అలాగే అనుకోనీ అనుకున్నాను."

నర్సు వచ్చి పిలిచింది. అక్క లేచింది. మెళ్ళో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, పొద్దున అలవాటుగా వేసుకుని వచ్చేసినట్టుంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది.